గోడ అవతల రెండు దెబ్బలు

కొంతకాలంగా మా వికారాబాద్‌లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, పక్కనున్న అడవిలో నౌకాదళం వాళ్ళు ఏదో పెద్ద కేంద్రం కడుతున్నారని. ఏ దిక్కుకు పోయినా రైల్లో ఒక పగలో ఒక రాత్రో కూర్చుంటే గాని సముద్రం కనిపించని ఊరికి ఓడలవాళ్ళతో పనేమిటని మా ఇంట్లో పిల్లలు పడీపడీ నవ్వుకున్నారు. ఆ నవ్వుల మధ్యనే మా చెల్లెలి మనవరాలు నా పక్కకు జరిగి, అమ్మమ్మా, నువ్వెప్పుడన్నా యుద్ధనౌక ఎక్కినవా అని అడిగింది. నేను చేటలో కందిపప్పు ఏరుకుంటున్నాను. తల ఎత్తకుండానే, లేదే అన్నాను.

అది పచ్చి అబద్ధం. ఎక్కాను, ఒక పగలంతా అందులో తిరిగాను, సముద్రం మీదికి పోయి వచ్చాను. ఆ ఓడ గురించి నేనాడిన మొదటి అబద్ధం కూడా ఆ ఒక్క మాటే, లేదు అని. అరవై ఏళ్ళు దాటాక కూడా అదే మాట అంత సులువుగా నోట్లోంచి జారిపడేసరికి ఏరుతున్న పప్పు అట్లాగే వదిలేశాను. పిల్లలకు చెప్పలేకపోయిన సంగతి నా ఈడు వాళ్ళకైనా చెప్పుకుందామని ఇప్పుడు కాగితం ముందు పెట్టుకున్నాను.

నేను పుట్టి పెరిగింది తాండూరులో. అప్పటి తాండూరు ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు గాని, మా ఊళ్ళో రాయి లేని చోటంటూ ఉండేది కాదు. ఇంట్లో కింద పరిచింది నాపరాయి, పైన కప్పింది నాపరాయి, చేను చుట్టూ నిలువుగా పాతింది నాపరాయి, బట్టలు ఉతుక్కునేదీ పిల్లలు బొగ్గుతో లెక్కలు రాసుకునేదీ దాని మీదే. స్టేషన్ పక్కన బండలు దొంతర్లుగా పేర్చి ఉండేవి, ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద కాలు పెడితే బొబ్బలెక్కేవి. బడి నుంచి ఇంటికి వచ్చేసరికి మా జడలు తెల్లటి దుమ్ముతో ముసలమ్మల జడలైపోయేవి, అమ్మ చింతపండు పులుసుతో తోమినా పోయేది కాదు.

మా నాయన గనిలో పెద్ద పనివాడు. పెద్ద అంటే చదువు వల్ల కాదు, హోదా వల్లా కాదు, చెవి వల్ల. ఆయన కుడిచేతికి లావుపాటి ఇనుప కడెం ఒకటి ఉండేది. తవ్వి తీసిన బండను నిలబెట్టి ఆ కడెంతో ఒక్కసారి తట్టి, తల ఓరగా వంచి వినేవాడు. కంగుమంటే మంచి బండ, మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. పైకి నున్నగా కనిపించే బండను కూడా ఆయన పక్కకు పెట్టమంటే పెట్టేవాళ్ళు, ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఈ అలవాటు గనితో ఆగేది కాదు. అంగట్లో కుండ కొన్నా తట్టేవాడు, గుమ్మడికాయ కొన్నా తట్టేవాడు. మా మేనత్తకు సంబంధం చూడబోయి పెళ్ళికొడుకు ఇంటి గోడ తట్టి, గోడ బోలుగుంది, మనుషులు ఎట్లుంటరో అని అనేసి వచ్చాడని మా అమ్మ బతికినన్నాళ్ళూ ఎత్తిపొడిచేది.

ఆ గనుల్లో ఒక ఆచారం ఉండేది. ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు, ఇప్పుడు అడిగితే చెప్పేవాళ్ళూ లేరు. పై మట్టి తీయడం కష్టమని కొన్ని చోట్ల మంచి రాతి పొర వెంట పక్కకు తవ్వుకుంటూ పోయేవాళ్ళు, అలా లోపలికి మనిషి పాకి పోయేంత సందులు ఏర్పడేవి. పని ముగిసి అందరూ పైకి ఎక్కాక, ఆఖరున మిగిలిన పెద్దవాడు ఆ గోడను మూడుసార్లు కొట్టి ఊపిరి బిగబట్టి వినాలి. లోపల ఎవరైనా చిక్కుకొని ఉంటే వాళ్ళు రెండుసార్లు కొట్టాలి. మూడుకు రెండు, ఇదే లెక్క. జవాబు రాలేదని రూఢి చేసుకున్నాకే ఆయన పైకి రావాలి. జవాబు వస్తే మాత్రం, పొద్దు పోయినా వాన ముంచుకొచ్చినా, ఆ మనిషిని తీసేదాకా ఒక్కరూ గని వదలకూడదు.

ఈ ఆచారం తప్పినందుకే మా చిన్నాయన పోయాడు. నైజాం రాజ్యం పోయిన మరుసటేడు అనుకుంటాను, నేనప్పుడు ఆరేడేళ్ళ పిల్లను. ఆ రోజు నాయన ఏదో పని మీద బంట్వారం పోయాడు. పై బండ జారి సందు మూసుకుపోయింది. కొట్టి చూస్తే రెండు దెబ్బలు వినిపించాయని ఇద్దరు కూలీలు చెప్పినా, అది రాయి సర్దుకునే చప్పుడేనని మేస్త్రీ కొట్టిపారేసి అందర్నీ ఇళ్ళకు పంపేశాడు. చిన్నాయన ఇంటికి రాలేదని తెలిసేసరికి తెల్లారింది. బండలు తొలగించి బయటికి తెచ్చినప్పుడు ఆయన పిడికిట్లో ఒక రాతి ముక్క ఉందట, కొట్టీ కొట్టీ దాని మొన అరిగిపోయి ఉందట. నాయన ఆ మేస్త్రీని ఒక్క మాట కూడా అనలేదు. మర్నాటి నుంచి గనిలోంచి ఆఖరున ఎక్కేది మాత్రం ఆయనే అయ్యాడు, ఇంకెవరికీ వదిలిపెట్టలేదు. ఇల్లు తాళం వేసేటప్పుడు కూడా తలుపు మీద మూడుసార్లు తట్టి ఒక క్షణం నిలబడేవాడు. లోపల మేమెవరం లేమని తెలిసీ అట్లా నిలబడేవాడు.

ఇక అన్న సంగతి. మా అన్నకు రాయి అంటే గిట్టేది కాదు. మెట్రిక్ పాసయ్యాక సికింద్రాబాద్ పోయి నౌకాదళంలో చేరిపోయాడు. బొంబాయిలో ఒక యుద్ధనౌక మీద, ఇంజన్ల దగ్గర పని. నాకు వికారాబాద్‌లో టీచరు ఉద్యోగం దొరికిన ఏడాదికి, అంటే అరవయ్యో దశకం మొదట్లో, అన్న దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాదికొకసారి తమ ఓడను జనానికి చూపిస్తారనీ, ఆ రోజు నావికుల ఇళ్ళవాళ్ళను కూడా ఎక్కించుకొని పొద్దున్నే సముద్రం మీదికి పోయి సాయంత్రానికి తిరిగొస్తారనీ, నాయనను తీసుకొని తప్పకుండా రమ్మనీ రాశాడు. ప్రమోషన్ కాగితాలు పై అధికారి దగ్గర ఉన్నాయని, ఆ అధికారి నాయనను చూస్తానన్నాడని చివర్లో రెండు వాక్యాలు చేర్చాడు. ఆ రెండు వాక్యాల కోసమే ఉత్తరమంతా రాశాడని నాకు అనిపించింది.

బొంబాయి రైలును నేను వికారాబాద్‌లో ఎక్కాను, నాయన తాండూరులో ఎక్కాడు. ఇస్త్రీ ధోవతి, తెల్ల రుమాలు, సంకలో అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట. వాడి జంక్షన్ దాటేదాకా చుట్టూ వినిపించే కన్నడం మాకు పరాయిగా అనిపించలేదు, ఆ తర్వాత వినిపించిన మాటలు మాత్రం ఆయనకు కొత్త. బొంబాయి స్టేషన్‌లో అన్న తెల్లటి బట్టల్లో నిలబడి ఉంటే నాయన ముందు గుర్తుపట్టలేదు. రేవుకు పోతూ దారిలో అన్న ఎన్నో కబుర్లు చెప్పాడు. వారం రోజులుగా ఓడంతా రంగులు వేయించారట. రంగులేసే కూలీలు రోజుకొక కొత్తవాళ్ళు వస్తారనీ, ఎవరు వచ్చారో ఎవరు పోయారో పట్టించుకునే దిక్కుండదనీ మాటల్లో మాటగా అన్నాడు. అప్పుడు నాకు అది పట్టలేదు.

ఓడ పేరు నాకు బాగా గుర్తుంది, రాయను. మొదటిసారి సముద్రం చూసిన నాయన రేవు మెట్ల మీద వంగి, నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత, "ఇన్ని నీళ్ళున్నయి, దూప తీరనీకి గుక్కెడు పనికిరాకపాయె," అని నిట్టూర్చాడు. వాయిద్యాలు మోగుతుండగా, ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని మెట్లు ఎక్కుతుండగా, పిల్లలు ఫిరంగుల గొట్టాలకు వేలాడుతుండగా ఓడ కదిలింది. పూరీలు పెట్టారు, పింగాణీ గ్లాసుల్లో చాయ్ ఇచ్చారు. నాయన తన పని తాను మొదలుపెట్టాడు. కనిపించిన ప్రతి ఇనుప గోడనూ కడెంతో తట్టి వినసాగాడు. నావికులు అన్నను చుట్టుముట్టి మీ నాయన డాక్టరా ఏంది అని వేళాకోళం చేశారు. అన్న ముఖం ఎర్రబడింది గాని, నాయన మాత్రం ఇనుము శుభ్రమైనదనీ ఎక్కడా పగులు లేదనీ మెచ్చుకుంటూ నాకు చెప్పాడు. ఆ గంట ఆయన ఎంతో సంతోషంగా ఉన్నాడు.

జనాన్ని పైభాగంలోనే తిప్పేవాళ్ళు. అన్న తన అధికారిని బతిమాలుకొని మమ్మల్నిద్దర్నీ కిందికి తీసుకుపోయాడు, తాను పనిచేసే చోటు చూపించాలని. ఆ మెట్లు దిగుతుంటే గాలి ఎక్కడో పైనే ఆగిపోయింది. ఇనుప జాలీల్లో బిగించిన దీపాలు, నూనె వాసన, పచ్చిరంగు వాసన, చెమటలు కారే గోడలు. గడపలు మోకాలెత్తున ఉన్నాయి, దాటిన ప్రతిసారీ ఇంకో గది, దాని వెనక ఇంకో గది, అన్నీ ఒకేలా ఉన్నాయి. పైన అంత మంది ఉన్నారన్న మాటే నమ్మబుద్ధి కాలేదు. ఇంజన్ల హోరు చెవుల్లోకి కాదు, అరికాళ్ళలోంచి ఒంట్లోకి ఎక్కుతోంది. నాకెందుకో అక్కడ నిలబడబుద్ధి కాలేదు, పోదాం పదమని అన్న చెయ్యి రెండుసార్లు లాగాను.

అప్పుడే ఇంజన్లు ఆగాయి. పైన ఏదో వేడుక చూపిస్తారని అన్న ముందే చెప్పాడు. నావికుడి బట్టలు తొడిగిన గడ్డిబొమ్మను సముద్రంలోకి విసిరి, మనిషి పడ్డాడని కేకలు వేసి, ఓడ ఆపి, పడవ దింపి ఎట్లా కాపాడతారో జనానికి చూపిస్తారట. పొద్దుటి నుంచి ఒంట్లో ఉన్న ఆ వణుకు ఒక్కసారిగా పోయేసరికి కిందనున్న మాకు చెవుల్లో దూది కుక్కినట్టయింది. పై నుంచి జనం అరుపులు దూరంగా, సన్నగా వచ్చాయి. ఇక మెట్లెక్కుదామని అన్న వెనక్కి తిరిగాడు. నేను నాయన ఎడమచెయ్యి పట్టుకొని ఉన్నాను, ఆయన ఆఖరున ఉన్నాడు. ఆఖరున ఉన్నాడు కాబట్టి, అలవాటు కొద్దీ, పక్కనున్న గోడను కడెంతో మూడుసార్లు కొట్టాడు.

గోడ అవతల నుంచి రెండు దెబ్బలు వినిపించాయి.

ఇన్నేళ్ళలో ఆ చప్పుడును నేను ఎన్ని రకాలుగా తిరగేసి చూసుకున్నానో చెప్పలేను. పెద్దగా లేదు, స్పష్టంగా ఉంది. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి.  నాయన మళ్ళీ మూడుసార్లు కొట్టాడు. మళ్ళీ రెండు, అదే ఎడంతో.

"లోపట మనిషున్నడు," అన్నాడు.

"లేడు నాయినా. అది నీళ్ళ ట్యాంకు. ఎండబెట్టి రంగేసిన్రు. నిన్న నేనే మూత బిగించిన," అన్నాడు అన్న. నవ్వబోయాడు, రాలేదు.

"బిగించే ముందల కొట్టి చూసినవా?"

అన్న మరలు బిగించిన తన చేతుల వంక చూసుకున్నాడు. గనివాడి కొడుకు అయ్యుండి ఆ ఒక్క పనీ చేయలేదని ముగ్గురికీ అర్థమైంది. నాయన మూత తెరవమన్నాడు. దానికి ఎన్నో మరలు విప్పాలనీ, అధికారి ఉత్తర్వు కావాలనీ, లోపల మనిషి ఉన్నాడని చెప్పి తెరిపించడమంటే తన చేతులతో తాను మనిషిని పాతిపెట్టానని ఒప్పుకోవడమేననీ అన్న గొంతు తగ్గించి, దాదాపు ఏడుస్తూ చెప్పాడు. నాయన వినలేదు. ఆ ఇనుప నేల మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు, గనిలో ఎట్లా కూర్చునేవాడో అట్లా. తెరిచేదాకా లేవనన్నాడు.

మేము పైకి రాలేదని వెతుక్కుంటూ ఆ అధికారే కిందికి వచ్చాడు. ఉత్తరాది మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. నాయన తనకు వచ్చిన దక్కనీ ఉర్దూలో సంగతి చెప్పి గోడ చూపించాడు. అధికారి నొచ్చుకోలేదు, వెక్కిరించలేదు, అన్న వంక చూశాడు. అప్పుడు మా అన్న నిటారుగా నిలబడి, మా తండ్రి ముప్పై ఏళ్ళు గనిలో పనిచేశాడు సార్, ఆయన చెవులు సరిగ్గా పనిచేయవు, లేని చప్పుళ్ళు వినిపిస్తుంటాయి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడు నాయన వైపు చూడలేదు. తాండూరు గనుల్లో ఆ చెవిని నమ్ముకొని కిందికి దిగేవాళ్ళు ఎంతమందో వాడికి తెలియదా?

అధికారి నా వైపు తిరిగాడు. మీరు చదువుకున్నారు, టీచరు అని విన్నాను, మీకు ఏమైనా వినిపించిందా అని ఎంతో మర్యాదగా అడిగాడు. వినిపించిందంటే ఇప్పుడే తెరిపిస్తానని కూడా అన్నాడు. నేను గోడను చూశాను, అన్నను చూశాను. అన్న కళ్ళు నన్ను వేడుకుంటున్నాయి. లోపల మనిషి ఉంటే వాడి గతేమిటని నాకు తోచకపోలేదు, తోచింది. తోచి కూడా, లేదు అన్నాను.

పైన చప్పట్లు మోగాయి, గడ్డిబొమ్మను పడవలోకి లాగారు కాబోలు. నాయన కూర్చున్న చోటు నుంచే చెయ్యి వెనక్కి పెట్టి ఇంకోసారి మూడు దెబ్బలు కొట్టాడు. నలుగురం చెవులు రిక్కించాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కటి వచ్చింది. రెండోది వస్తుందని ఎదురుచూస్తుండగానే ఇంజన్లు మొదలయ్యాయి, అరికాళ్ళలోంచి ఆ వణుకు మళ్ళీ ఎక్కింది, ఇంకేమీ వినిపించే వీల్లేకుండా పోయింది. అధికారి అదేదో గొట్టంలో గాలి చప్పుడని చెప్పి, నాయనకు చెయ్యి అందించి లేపాడు. నాయన లేచి గోడ మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఉంచాడు, తర్వాత మాకంటే ముందు మెట్లు ఎక్కాడు. ఆయన ఎక్కడి నుంచైనా ముందు ఎక్కడం నేను చూసింది అదే మొదటిసారి.

 తిరుగు ప్రయాణంలో ఆయన కోపగించుకోలేదు, రొట్టె తుంచి నా చేతిలో పెట్టాడు, కిటికీ దగ్గర చోటిచ్చాడు, అంతే.

నెల తిరక్కుండా ఆయన గనిలో వినడం మానేశాడన్న సంగతి నాకు తెలిసింది. ఆ కబురు మోసుకొచ్చింది నాయనతో చిన్ననాటి నుంచి కలిసి పనిచేసిన చాచా. ఆయన తాండూరు నుంచి పనిగట్టుకొని వికారాబాద్ వచ్చి, మా బడి వరండాలో టోపీ చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

"క్యా హువా బేటీ, బొంబయిల ఏమైంది? మీ నాయిన కడెం తీసి నా చేతుల పెట్టిండు. నా చెవి పోయిందంటడు. ఆయన చెవి పోతె మా జాన్ పోయినట్టే గదమ్మా. జర నువ్వన్న సంజాయించు," అన్నాడు.

నేనేం నచ్చజెప్పగలను? చెవి పోలేదని చెప్పాలంటే నేను అబద్ధమాడానని చెప్పాలి. అది చెబితే అన్న అబద్ధమూ బయటపడుతుంది, ప్రమోషన్ కాగితాల మీద ఇంకా సంతకం కాలేదు. వయసు మీదపడింది కదా చాచా అని ఏదో గొణిగి, చాయ్ తాగించి పంపేశాను. నాయన ఆ తర్వాత స్టేషన్ దగ్గర బండలు పేర్చే పనికి కుదురుకున్నాడు. ఎవరైనా బండ తట్టి చూడమంటే, నా కొడుకు చెప్పిండు, బిడ్డ గూడ చెప్పింది, నాకు సరిగ్గ వినరాదు అనేవాడట నవ్వుతూనే. అంత గొప్ప చెవిని నేను ఒక్క మాటతో చంపేశానని నాలో నేను ఎంతగా కుమిలిపోయానో, అద్దంలో ముఖం చూసుకోవాలంటే సిగ్గేసేది.

అన్నకు ప్రమోషన్ వచ్చింది. ఆ మరుసటి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, నేను అడక్కుండానే ఒక మధ్యాహ్నం దొడ్లో నా పక్కన కూర్చొని చెప్పాడు. మేము పోయిన పదిహేను రోజులకు ఆ ట్యాంకు తెరిచారట. లోపల ఏమీ లేదట, ఎవరూ లేరట. హమ్మయ్య అని నేను కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి వాడే మళ్ళీ అన్నాడు, నాయన వీపు ఆనించి కూర్చున్న చోటికి సరిగ్గా లోపలి వైపు, కొత్త రంగు ఒక్క దగ్గర రేగుపండంత మేర ఊడిపోయి ఉందని. బయట నుంచి నాయన కొట్టిన దెబ్బలకే ఊడి ఉంటుందని తనే సమాధానం చెప్పుకున్నాడు. ఆ సెలవులన్ని రోజులూ వాడు ఇంట్లో ఏ గది తలుపూ వేయనివ్వలేదు. పోయాక ఒడ్డు మీద పని అడుక్కొని ఓడ దిగిపోయాడు. నాయనకు కూడా ట్యాంకు ఖాళీ అన్న సంగతి చెప్పే పోయాడు, రంగు సంగతి చెప్పాడో లేదో నాకు తెలియదు.

మరి కొన్నేళ్ళకు రాతిదుమ్ము నాయన ఊపిరితిత్తులు పట్టుకుంది. వికారాబాద్ కొండ మీది ఆస్పత్రిలో చేర్చాం. అప్పటికి నాకు పెళ్ళయి ఇదే ఊళ్ళో కాపురం, రోజూ బడి కాగానే గిన్నెలో జావ పోసుకొని కొండెక్కేదాన్ని. ఆ కొండ మీద చెట్ల గాలి తప్ప ఇంకో అలికిడి ఉండేది కాదు. ఒక రోజు ఆయన కాస్త తేరుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆ కూర్చున్న తీరు చూసేసరికి నేను ఇక ఆగలేకపోయాను. ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని, నాయినా, ఆ రోజు నాకూ వినపడ్డది, మూడుసార్లూ వినపడ్డది, లేదన్నది అబద్ధం, నీ చెవి ఏమీ కాలేదు అని ఏడుస్తూ చెప్పేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. జావ గిన్నె పక్కన పెట్టమన్నాడు.

"నాకు గప్పుడే ఎరుక బిడ్డా. గా సందుల నువ్వు నా చెయ్యి పట్టుకొని ఉంటివి. చప్పుడైనప్పుడల్ల నీ చెయ్యి ఉలిక్కిపడె. చెవి పోయినోనికి చెయ్యి గూడ తెల్వదా?"

మరి ఎందుకు మానుకున్నావని అడిగాను. గనిలో వినడం ఎందుకు మానేశావు, చాచా చేతికి కడెం ఎందుకు ఇచ్చావు అని. ఆయన చాలాసేపు దగ్గాడు. తర్వాత మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టే చెప్పాడు.

"పోరని నౌకరి పోతదని నేను గూడ లేచిన గద. ఖాళీగ ఉండెనని మీ అన్న తర్వాత చెప్పిండు. మంచిదే. కని ఓడ దిగినప్పుడు మనకు గది ఎరుక లేదు. ఉన్నడనుకొనే దిగినం. ఇద్దరం చెవులార ఇన్నం, ఇద్దరం దిగొచ్చినం. ఇని గూడ దిగొచ్చినోడు మల్ల గనిల గోడ కొట్టొద్దు బిడ్డా. కొడితే లోపటోళ్ళు నమ్ముతరు."

ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు బతకలేదు.

ఇప్పుడు తాండూరు పోతే ఊరు మొదలు కాకముందే రాయి కోసే యంత్రాల రొద వినిపిస్తుంది. చాచా తర్వాత ఆ కడెం ఎవరి దగ్గరికి పోయిందో అడిగాను, ఎవరికీ తెలియదు. పాత గనుల్లో నీళ్ళు నిండి పిల్లలు ఈత కొడుతున్నారు, వాటి గోడలను ఒకప్పుడు పొద్దుగూకే వేళ మూడుసార్లు కొట్టి వినేవాళ్ళని చెబితే ఆ పిల్లలు నా ముఖం వింతగా చూశారు. యంత్రాలు వచ్చాక పని తేలికయింది, ఎంతో మంది ప్రాణాలు నిలిచాయి కూడా, కాదనను. అయినా, అవతల ఎవరైనా మిగిలి ఉన్నారేమోనని పని వదిలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి నిలబడే మనుషులు ఇప్పుడు నాకు ఎక్కడా కనిపించరు, ఆ లోటు నాకు బాగా తెలుస్తుంది. మా ఇల్లు ఇప్పుడు మూడంతస్తుల మేడ, పక్కింటితో కలిసిన గోడకు అవతల ఎవరుంటారో నాకు పేరు కూడా తెలియదు. మధ్యాహ్నాలు అందరూ పనుల మీద పోయి ఇల్లు నిశ్శబ్దమైపోయినప్పుడు, ఆ గోడ పక్కన కూర్చొని ఉంటే నా చెయ్యి దానంతట అదే లేస్తుంది. ఎన్నడూ కొట్టలేదు. కొడితే అవతల నుంచి రెండు వినిపిస్తాయేమోనని, వినిపించినా ఎవరైనా అడిగితే మళ్ళీ లేదంటానేమోనని నాకు భయం.